ఆ బక్కపిల్లకే ముందు జబ్బు ఎందుకు చేసింది?

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. ఒకే తల్లి ఒకేసారి పెట్టిన అయిదు కుక్కపిల్లల్లో, పాల దగ్గర తోపులాటలో రోజూ వెనకబడిపోయే ఆ బక్కపిల్లకే ముందు జబ్బు చేసిందనీ, మిగతా నాలుగూ దాని పక్కనే పడుకుని, అదే గిన్నెలో నీళ్ళు తాగి కూడా హాయిగా ఉన్నాయనీ రాశారు. దానికి బలం లేదు కదా, అందుకే అని ఎవరో చెప్పారట. అది తప్పు కాదు, కానీ అక్కడితో ఆగిపోతే నాకు తృప్తిగా ఉండదు. బలం లేకపోవడమంటే లోపల ఏం జరుగుతుంది? నేను చాలా ఏళ్ళు ల్యాబులో కూర్చుని జంతువుల కణజాలాలను మైక్రోస్కోపు కింద చూసినదాన్ని, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలను పాఠాల్లో సైన్యం అంటారు. ఆ పోలికలో ఒక చిక్కుంది. సైనికుణ్ణి ఒకసారి చేర్చుకుంటే ఏళ్ళ తరబడి ఉంటాడు. తెల్లకణాల్లో చాలా ఎక్కువగా కనిపించే న్యూట్రోఫిల్ ఆయుష్షు మాత్రం మహా అయితే కొద్ది రోజులు. అందుకే పెద్ద మనిషి ఎముక మజ్జ రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ని తయారు చేస్తూనే ఉండాలి. ఇక టి కణం అని ఇంకోటి ఉంది, అది తనకు సరిపోయే క్రిమి ఎదురవగానే రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ వారం తిరిగేసరికి వేలకు వేలవుతుంది. ఇన్ని కొత్త కణాలకు కావలసిన ప్రోటీన్, చక్కెర, కొవ్వు, జింకు, ఇనుము అన్నీ తిన్న తిండి నుంచే రావాలి. పైగా చిన్నపిల్లలో ఇంకో ఖర్చు కూడా ఉంది, అది అదే సమయంలో ఎదగాలి కూడా.

తిండి చాలనప్పుడు శరీరం అన్ని అవయవాలకూ సమానంగా కోత పెట్టదు. మెదడును వీలైనంత వరకు ముట్టుకోదు. అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా ఎక్కువగా తగ్గిపోయేది థైమస్ అనే గ్రంథి. రొమ్ము ఎముక వెనకాల, గుండెకు పైన ఉంటుంది. టి కణాలు ఎముక మజ్జలో పుట్టి ఇక్కడికి వచ్చి పెరుగుతాయి, తన శరీరం ఏదో, పరాయిది ఏదో తేడా తెలుసుకునేది ఇక్కడే. బాగా తిన్న పిల్లలో కూడా ఇక్కడికి చేరిన కణాల్లో నూటికి అయిదుకు మించి బయటపడవు, మిగతావి పనికిరావని అక్కడే చనిపోతాయి. అంత కఠినమైన చోటు కాబట్టి రాబోయే కణాలు ఎడతెగకుండా వస్తూనే ఉండాలి.

ఆకలి వేళ రక్తంలో ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది, మనలో అయితే కార్టిసాల్, ఎలుకల్లో కార్టికోస్టిరాన్. థైమస్‌లో సగం దారిలో ఉన్న కణాలను అది కుప్పలుతెప్పలుగా చంపేస్తుంది. తిండి లేని ఎలుకపిల్ల థైమస్ స్లైడును మొదటిసారి చూసినప్పుడు నేను పొరపాటున వేరే అవయవం పెట్టానేమో అనుకున్నాను. ఆరోగ్యంగా ఉన్నదాంట్లో బయటి అంచు ముదురుగా, లోపలి భాగం లేతగా, రెండు రంగుల మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ స్లైడులో ముదురు అంచు పల్చబడిపోయింది, గీత చెరిగిపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఈ సంగతి కొత్తదేం కాదు, 1845లోనే లండన్‌లో జాన్ సైమన్ అనే వైద్యుడు, శరీరానికి పోషణ ఎలా అందుతోందో థైమస్ బారోమీటరులా చూపిస్తుందని రాశాడు. అప్పటికి థైమస్ చేసే పని ఏమిటో ఎవరికీ తెలియదు! అది తెలియడానికి 1961 దాకా పట్టింది. జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో థైమస్ తీసేస్తే, అవి కొన్నాళ్ళకు జబ్బులతో చచ్చిపోయాయి. పెద్ద ఎలుకల్లో తీసేస్తే మాత్రం వెంటనే పెద్ద తేడా ఏమీ కనపడలేదు. ఈ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, మీ ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది.

ఒక్క ఒత్తిడి హార్మోనే కాదు. మన కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ వదులుతాయి, 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. ఒంట్లో కొవ్వు నిల్వ ఉంది, ఖర్చు పెట్టుకోవచ్చు అని మిగతా శరీరానికి కబురు వెళ్ళేది దానితోనే. టి కణాలు కూడా ఆ కబురు వింటాయి. 1998లో గ్రేహమ్ లార్డ్ బృందం ఎలుకలను 48 గంటలు పస్తు ఉంచితే వాటి టి కణాల స్పందన బాగా పడిపోయింది. తిండి పెట్టకుండానే లెప్టిన్ మాత్రం ఇచ్చి చూస్తే ఆ స్పందన మళ్ళీ వచ్చింది. అంటే చూడండి, ఆ కణాలు కేవలం శక్తి చాలక ఊరుకోవడం లేదు, ఇప్పుడు ఖర్చు పెట్టొద్దు అన్న సంకేతం విని ఆగుతున్నాయి. నాకు ఇప్పటికీ ఇది తలుచుకుంటే ఆశ్చర్యమే.

సరే, పెద్ద జంతువు కూడా ఆకలితో ఉంటుంది కదా, దానికి ఇంత నష్టం ఎందుకు జరగదు? పెద్దదానికి అప్పటికే ఎన్నో క్రిములతో పోరాడిన టి కణాలు జ్ఞాపకంగా మిగిలి ఉంటాయి. పెద్ద ఎలుకలకు తిండి సగానికి తగ్గిస్తే ఆ జ్ఞాపక కణాలు ఎముక మజ్జలోకి చేరి అక్కడ భద్రంగా ఉంటాయని 2019లో తేలింది. ఉన్న ఆస్తిని దాచుకోవడం అన్నమాట. మీ కుక్కపిల్లకు దాచుకోవడానికి ఏముంది? అది ఇంకా చాలా క్రిములను చూడనే లేదు. సంపాదించుకోవలసిన రోజుల్లోనే దానికి థైమస్ చిక్కిపోయింది.

తల్లి ఇచ్చేది ఒకటి ఉంటుంది, ముర్రుపాలు. ఆవు కడుపులో ఉన్నప్పుడు దూడకు తల్లి యాంటీబాడీలు, అంటే క్రిములను పట్టుకునే ప్రోటీన్లు, దాదాపు అందవు, పుట్టాక ముర్రుపాల నుంచే రావాలి, దూడ పేగు వాటిని చెక్కుచెదరకుండా రక్తంలోకి తీసుకోగలిగేది మొదటి 24 గంటలే. కుక్కపిల్లలకు కడుపులో కొంచెం అందినా, ఎక్కువ భాగం మొదటి రోజు పాలతోనే. ఆ తోపులాటలో మీ బక్కపిల్ల మొదటి రోజే వెనకబడి ఉంటే, తర్వాత ఎన్ని పాలు తాగినా ఆ వాటా తిరిగి రాదు.

రక్తపరీక్ష ఒక్కటే చూస్తే ఇదంతా తెలియకపోవచ్చు. పోషణ లేని పిల్లలో న్యూట్రోఫిల్స్ సంఖ్య మామూలుగానే ఉండొచ్చు, కానీ మింగిన క్రిమిని చంపే శక్తి వాటికి తగ్గుతుంది. రక్తంలో యాంటీబాడీలు ఒక్కోసారి సరిగానే ఉంటాయి, పేగు గోడకు కాపలా కాసే ఐజీఏ అనే రకం మాత్రం తగ్గిపోతుంది. అందుకే విరేచనాలు పట్టుకుంటాయి, విరేచనాలతో తిన్నది ఒంటబట్టదు, ఆకలి చస్తుంది, ఇంకా చిక్కుతుంది, అది మళ్ళీ ఇంకో జబ్బుకు దారి. ఇంకోటి కూడా ఉంది, చాలామంది పొరబడేది. క్రిమిని చూడగానే జ్వరం తెప్పించే సంకేతాలు పంపేవి మాక్రోఫేజ్ అనే కణాలు, పోషణ లేకపోతే అవి ఆ సంకేతాలు తక్కువగా పంపుతాయి. లోపల జబ్బు ముదురుతున్నా పైకి ఒళ్ళు వేడెక్కకపోవచ్చు. జ్వరం లేదు కదా అని దయచేసి ధైర్యంగా ఉండిపోకండి.

కడుపు నిండితే చాలా అంటే, అదీ కాదు. జింకు లేకపోతే థైమస్ వదిలే థైములిన్ అనే హార్మోన్ పని చేయదు. 1995లో సెలీనియం అనే ఖనిజం లోపించిన ఎలుకలకు, మామూలుగా గుండెకు హాని చేయని ఒక కాక్సాకీ వైరస్‌ను ఎక్కిస్తే వాటి గుండె దెబ్బతింది. అంతటితో పోలేదు, వాటి ఒంట్లో పెరిగిన వైరస్ రూపమే మారిపోయింది, దాన్ని తీసి బాగా తిన్న ఎలుకలకు ఎక్కిస్తే వాటి గుండె కూడా దెబ్బతింది. ఒకదాని ఆకలి పక్కవాటికి కూడా ముప్పు తెస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక మీరు చివర్లో అడిగింది. అది ఇప్పుడు బాగా తింటోంది, బరువు పెరిగింది, వేరే కుక్కల మధ్యకు తీసుకెళ్ళొచ్చా అని. తొందరపడొద్దు. థైమస్ మళ్ళీ పెరుగుతుంది, అది నిజంగా మంచి కబురు, కానీ బరువు పెరిగినంత త్వరగా పెరగదు. బొలీవియాలో బాగా చిక్కిపోయిన చిన్నపిల్లలకు మంచి తిండి పెడుతూ స్కానింగ్‌తో థైమస్‌ను చూస్తూ వచ్చారు. బరువు దాదాపు నెలలో దారికి వచ్చింది, థైమస్ కోలుకోవడానికి దగ్గర దగ్గర రెండు నెలలు పట్టింది. కుక్కపిల్లకు సరిగ్గా అన్నే రోజులని లెక్క కట్టలేం, కానీ వరస మాత్రం అదే, ముందు ఒళ్ళు, తర్వాత లోపలి కాపలా. అందాకా కొత్త కుక్కల దగ్గరికి పంపకండి. ఒకేసారి బోలెడు పెట్టకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, బాగా చిక్కిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ప్రమాదం. టీకా కోసం పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు దాని ఇప్పటి బరువు ఒక్కటే చెప్పి ఊరుకోకండి, పుట్టినప్పటి నుంచి ఎన్నాళ్ళు సరిగా తినలేదో అది కూడా చెప్పండి, ఎప్పుడు వేయాలో ఆయన చూసుకుంటారు. వెళ్ళొచ్చాక ఏమన్నారో నాకు రాయండి.

మీ అమ్మమ్మ