హెడ్‌లైటు బల్బులో చిన్న రేకు

మన దగ్గర చాలా కార్లలో, కొన్ని బైకుల్లో ఇప్పటికీ హెచ్4 రకం హాలోజన్ బల్బే ఉంటుంది. దాన్ని బయటికి తీసి చూస్తే గాజు లోపల రెండు ఫిలమెంట్లు కనిపిస్తాయి. ముందువైపు ఉన్న దాని కింద గరిటెలాంటి చిన్న లోహపు రేకు ఉంటుంది. లైటు మార్పించాలనుకునేవాళ్లు ముందు ఈ రేకును అర్థం చేసుకోవాలి.

డిమ్ వేస్తే వెలిగేది ఆ ముందు ఫిలమెంటే. దాని కాంతి బల్బు వెనకున్న మెరిసే గిన్నె (రిఫ్లెక్టర్) పైభాగానికి తగిలి, కిందికి వాలి రోడ్డు మీద పడుతుంది. కిందిభాగానికి తగిలితే మాత్రం పైకి లేచి ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. అందుకే రేకు అక్కడ అడ్డం నిలబడుతుంది. ఈ అమరిక ఒక్క మిల్లీమీటరు తప్పినా వెలుతురు దారి మారిపోతుంది.

ఇప్పుడు అదే హోల్డర్‌లో ఎల్ఈడీ బల్బు పెట్టారనుకుందాం. ఫిలమెంట్ సన్నటి తీగచుట్ట, అన్ని వైపులా వెలుగుతుంది. ఎల్ఈడీ చిప్‌లు పలక మీద రెండు వైపులా అతికించి ఉంటాయి. అవి సరిగ్గా ఫిలమెంట్ ఉండే చోటే లేకపోతే కాంతి చెల్లాచెదురవుతుంది. షాపు గోడ మీద చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. హైవే ఎక్కితే బానెట్ ముందు రోడ్డంతా తెల్లగా మెరుస్తుంది, దూరం మాత్రం మరింత చీకటిగా అనిపిస్తుంది. దగ్గరి వెలుగుకు కంటిపాప ముడుచుకోవడమే దీనికి ఒక కారణం.

మనకు కావలసింది ఆ దూరమే. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. చూసి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టిందంటే అప్పటికే 33 మీటర్లు అయిపోతాయి. ఆగడానికి పొడి రోడ్డు మీద కూడా ఇంకో 35 మీటర్లు కావాలి. వెనక లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ, ఆరబోసిన వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు, రోడ్డు దాటే గేదె... ఇవన్నీ కనీసం 70 మీటర్ల ముందే కనిపించాలి. కాంతి తీవ్రత దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, రెట్టింపు దూరంలో అంతే వెలుగు పడాలంటే నాలుగు రెట్ల కాంతి అటువైపు పంపాలి.

అందుకే నేను ఎవరడిగినా ముందుగా హెడ్‌లైటు అద్దం చూడమంటాను. ఇప్పటి చాలా బళ్లలో అది గాజు కాదు, పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్. ఎండకు పచ్చబడి, మసకబారి కాంతిని మింగేస్తుంది. పాలిష్ చేయించి, పైన ఎండను ఆపే పూత వేయిస్తే పాత బల్బే కొత్తదానిలా వెలుగుతుంది.

తర్వాత వైరింగ్. పాత బళ్లలో కరెంటు సన్నటి వైర్లలో, స్విచ్ గుండా తిరిగి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. 10 శాతం తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు 30 శాతం పోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వేయిస్తే ఆ వెలుగు తిరిగొస్తుంది. దీనికి బదులు మామూలుకన్నా ఎక్కువ శక్తి ఉన్న 100/90 వాట్ల (హై/డిమ్) బల్బు బిగిస్తే హోల్డర్ కరిగిపోవచ్చు, రిఫ్లెక్టర్ మాడిపోవచ్చు.

ఎల్ఈడీయే కావాలంటే, దానికోసమే తయారైన పూర్తి హెడ్‌లైటు మీ మోడల్‌కు దొరుకుతుందేమో కనుక్కోండి. ఏది పెట్టించినా గోడకు ఎదురుగా నిలబెట్టి ఎత్తు సరిచేయించండి. వెనక సీటు నిండా మనుషులు, డిక్కీలో బియ్యం బస్తాలు ఉన్న రోజు బండి ముందుభాగం పైకి లేస్తుంది. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చక్రం ఉంటే, ఆ రోజు బయల్దేరేముందే దాన్ని తిప్పి లైటు కిందికి దించండి.