అవ్వ ఇంట్లో రోబో: అపోహలు - వాస్తవాలు

పాలమూరు యూనివర్సిటీలోనో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పీజీ చేసి, వృద్ధుల సంరక్షణలో సోషల్ రోబోల మీద పీహెచ్‌డీకి దిగాలనుకునేవాళ్ల కోసం ఇది.

అపోహ: రోబో అవ్వను లేపి కూర్చోబెడుతుంది, వండిపెడుతుంది.

సోషల్ రోబో పలకరిస్తుంది, గుర్తుచేస్తుంది, తోడుంటుంది. అంతవరకే. జపాన్‌లో తకనోరి షిబాటా 1993లో పని మొదలుపెట్టిన పారో అనే రోబో, సీల్ అనే సముద్ర జంతువు పిల్ల రూపంలో ఉంటుంది. నిమిరితే కదులుతుంది, కూస్తుంది; నడవదు, మాట్లాడదు. 2009లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ దాన్ని వైద్య పరికరంగా గుర్తించింది. కుక్కపిల్లనో పిల్లినో చేస్తే జనం అసలుదానితో పోల్చి పెదవి విరుస్తారు. సీల్‌ను దగ్గర చూసినవాళ్లు తక్కువ కాబట్టి ఆ రూపం ఎంచుకున్నారు. చూడడానికి చిన్న సంగతే గానీ ఈ రంగం గుట్టు అంతా అందులోనే ఉంది.

అపోహ: ఇది ఇంజనీర్ల పని.

యంత్రం చేసేది ఇంజనీర్లే. అది ఇంట్లోకొచ్చాక చార్జింగ్ ఎవరు పెట్టాలి, ఎవరి ఫోన్ మోగాలి, మోగితే ఎవరు లేచి రావాలి అన్నది సర్వీస్ డిజైన్. నర్సింగ్, సోషల్ వర్క్ చదివినవాళ్లు ఇందులో బాగా రాణిస్తారు. ముఖ్యమైన పనిముట్టు సర్వీస్ బ్లూప్రింట్. లిన్ షోస్టాక్ 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీన్ని వివరించారు. చార్టు మీద నాలుగు వరుసలు గీయండి: అవ్వ చేసేది, అవ్వకు కనబడేది, వెనక కనబడకుండా జరిగేది, వాటన్నిటికీ ఆధారమయ్యేది (కరెంటు, సిమ్ రీచార్జ్, మందుల షాపు).

రాత్రి 8 గంటల బీపీ గోలీనే తీసుకోండి. రోబో గుర్తుచేసింది. అవ్వ "ఆ, ఏసుకున్న" అన్నది. అన్నంత మాత్రాన మింగినట్టు కాదు. అందుకని మందుల డబ్బా మూతకు చిన్న సెన్సర్ పెట్టి, అది తెరుచుకుందో లేదో చూడాలి. ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది: 15 నిమిషాలకు రోబో మళ్లీ గుర్తుచేస్తే, వేసుకున్న సంగతి మరిచి అవ్వ రెండో గోలీ వేసుకుంటుంది. మూత ఒకసారి తెరుచుకుంటే రెండో పిలుపు ఆగిపోవాలి; ఆ పూట గోలీ తప్ప మిగతావి చేతికందకూడదు. మూత తెరుచుకోకపోతే ఫోన్ ఎవరికి? చాలా నమూనాల్లో కొడుకు నంబరే ఉంటుంది. వలసపోయిన కొడుకు పుణెలోనో ముంబయిలోనో సైటు మీద ఉంటాడు. ఐదు నిమిషాల్లో తలుపు తట్టగలిగేది పక్కింటామె. ఆమె నంబరు మొదట ఉండాలి, దానికి ఆమె ముందే ఒప్పుకొని ఉండాలి. ఆమె ఊరికి పోయిన రోజు ఎవరన్నది కూడా చార్టులో రాయాలి.

అపోహ: ముసలోళ్లకు టెక్నాలజీ రాదు.

రానిది వాళ్లకు కాదు, మన అమరికకు. వయసుతో ముందు పోయేది సన్నటి, కీచు ధ్వనులు వినే శక్తి. రోబోకేమో చిన్నపిల్ల గొంతు పెడతారు. శబ్దం కాదు, గొంతులోని కీచుదనం తగ్గించండి, టీవీ నడుస్తుండగా పరీక్షించండి. మాట మధ్యలో అవ్వ ఆగితే, మాట అయిపోయిందనుకుని రోబో అందుకుంటుంది. రెండు మూడు సెకన్లు ఆగేలా మార్చాలి. పొలం పనితో కాయలు కాసి ఎండిన వేళ్లను టచ్ స్క్రీన్ సరిగా పట్టదు, పెద్ద మీటలే మేలు.

నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు వైపు ఇంకో సంగతి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు బిగుసుకున్నవాళ్లకు మెడ వంగదు, తిరగదు. షాబాద్ బండల మీద కింద తిరిగే రోబో వాళ్లకు కనబడనే కనబడదు. కూర్చున్న మనిషి కంటి ఎత్తు కొలిచి, ఎదురుగా బల్ల మీద పెట్టాలి. చక్రాల రోబో ఎలాగూ గడప దగ్గర ఆగిపోతుంది.

భాష మరీ ముఖ్యం. "మీరు భోజనం చేశారా?" అంటే ఎవరో ఆఫీసు మనిషి వచ్చాడనుకుంటారు. "అవ్వా, బువ్వ తిన్నవా?" అంటే జవాబు వస్తుంది. అయితే అందరికీ 'నువ్వు' నచ్చదు. రిటైరైన సారుకు "తిన్నరా సార్" అనే అనాలి. ఏమని పిలవాలో మొదటి రోజే అడిగి రాసుకోండి.

అపోహ: మొదటి వారం బాగా వాడితే ప్రయోగం నెగ్గినట్టే.

అది కొత్త మోజు. ఆరో వారం, ఎనిమిదో వారం లెక్కలు చూడండి. ఒకే యంత్రాన్ని నమ్ముకోవడమూ ప్రమాదమే: 2014లో వచ్చిన పెప్పర్ అనే మనిషి రూపపు రోబో తయారీని 2020లో ఆపేశారు. పీహెచ్‌డీ మధ్యలో అలా జరిగితే నిలబడేది మీ బ్లూప్రింటే.

అపోహ: వేలిముద్ర పడితే అనుమతి వచ్చినట్టే.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం చదువురానివాళ్ల దగ్గర అనుమతి తీసుకునేటప్పుడు చదువొచ్చిన నిష్పాక్షిక సాక్షి ఉండాలి. మీ బృందంలోని వాళ్లను సాక్షిగా పెట్టకండి. కెమెరా ఎటు చూస్తుందో, ఎప్పుడు ఆగుతుందో ఆ గదిలోనే చూపించండి. కెమెరా మీద వేసుకోవడానికి గుడ్డ ముక్క ఇవ్వండి. పక్క గదిలో మనిషి కూర్చుని రోబో చేత మాట్లాడించే పద్ధతి వాడితే, ఆ సంగతి తర్వాత విడమరిచి చెప్పడం తప్పనిసరి.

రోబోను వెనక్కి తీసుకునే తేదీ కూడా మొదటి రోజే చెప్పాలి, చివరి రెండు వారాల్లో మళ్లీ మళ్లీ గుర్తుచేయాలి. పోయేముందు రాత్రి 8 గంటల గోలీ బాధ్యత ఎవరు తీసుకుంటున్నారో, వాళ్ల నోటితోనే అవ్వ ఎదుట చెప్పించాలి.