జడలో ఆకుపచ్చ చుక్కలు: గ్రాఫిక్స్ కార్డు జబ్బు పట్టుకోవడం ఎలా?

ఒంగోలులో ఫ్లెక్సీ దుకాణం నడిపే ఒక పాఠకుడు ఇలా రాశారు: “సార్, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ చేస్తుంటే తెర మీద ఆకుపచ్చ చుక్కలు వస్తున్నాయి. అమ్మాయి ముఖం బాగానే ఉంది, జడ నిండా చుక్కలే. తెల్లటి భాగంలో ఒక్కటీ లేదు. ముగ్గుకు పెట్టినట్టు వరుసగా ఉంటున్నాయి. ప్రింటు మాత్రం శుభ్రంగా వస్తోంది. రెండుసార్లు ఫార్మాట్ చేయించాను. గ్రాఫిక్స్ కార్డు పోయినట్టేనా?”

ఇంత చక్కగా గమనించి రాసిన ఉత్తరం నాకు ఈ మధ్య రాలేదు. ముఖం మీద లేని చుక్క జడలో ఎందుకుంది? ఎరుపో నీలమో కాకుండా ఆకుపచ్చే ఎందుకు? వరుసలు ఎందుకు కట్టాయి? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది.

మార్కాపురం పలక మీద బలపంతో అక్షరాలు దిద్దిన తరానికి దీన్ని సులువుగా చెప్పవచ్చు. మానిటర్‌కు సొంతంగా ఏ బొమ్మా తెలియదు. గ్రాఫిక్స్ కార్డులోని జ్ఞాపకం ఒక పలక. కార్డు బొమ్మను ఆ పలక మీద రాస్తుంది. సెకనుకు 60 సార్లు ఆ పలకను మొదటి నుంచి చివరి దాకా చదివి మానిటర్‌కు వినిపిస్తుంది. అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు (బొమ్మలోని అతి చిన్న రంగు తునకలు) ఉన్న తెరలో మొత్తం 20,73,600 పిక్సెళ్లుంటాయి. ఒక్కోదానికి 4 బైట్ల చొప్పున 82,94,400 బైట్లు. సెకనుకు 60 సార్లంటే దాదాపు 50 కోట్ల బైట్ల చదువు, అదీ మీరు మౌస్ కూడా కదపకుండా కూర్చున్నప్పుడు!

ఇప్పుడు ఒక్క పిక్సెల్‌ను విప్పి చూద్దాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే ఒక బైట్. బిట్ అంటే సున్నా లేదా ఒకటి. నాలుగో బైట్ ఈ మూడు రంగులకు వాడేది కాదు. ఎనిమిది బిట్ల విలువలు వరుసగా 128, 64, 32, 16, 8, 4, 2, 1. అన్నీ సున్నా అయితే ఆ రంగు అసలు లేదు, అన్నీ ఒకటి అయితే 255, అంటే పూర్తి వెలుగు. ఆకుపచ్చలోని 128 బిట్ ఏదో కారణంగా ఎప్పుడూ ఒకటి మీదే బిగుసుకుపోయిందనుకోండి. తెలుపులో ఆకుపచ్చ 255. అందులో 128 బిట్ ఎలాగూ ఒకటే కాబట్టి తప్పు జరిగినా ఏమీ మారదు. నలుపులో ఆకుపచ్చ సున్నా. అది ఒక్కసారిగా 128 అవుతుంది, చీకట్లో దీపంలా కనిపిస్తుంది. మంచి వెలుతురులో తీసిన ఈ ముఖంలో ఆకుపచ్చ పాలు 128 దాటి ఉండాలి, అందుకే ముఖం చెడలేదు. జడ నల్లన కాబట్టి దొరికిపోయింది. అదే ఆకుపచ్చలోని 1 విలువ గల చివరి బిట్ బిగుసుకుపోయి ఉంటే, సున్నా కాస్తా ఒకటి అయ్యేది. ఎంత కళ్లు చించుకుని చూసినా ఎవరికీ తెలిసేది కాదు. ఆ రోగంతోనే ఏళ్ల తరబడి పనిచేస్తున్న కార్డులు ఉండవచ్చు.

బడిలో ద్విసంఖ్యామానాన్ని భాగహారాలుగా, శేషాలుగా చెప్పి వదిలేస్తారు. పిల్లలకు ఈ జడ బొమ్మ చూపించి ‘ఏ బిట్ చెడింది?’ అని అడిగితే ఆ పాఠం జీవితాంతం గుర్తుంటుందని నా గట్టి నమ్మకం.

ఇక వరుసల సంగతి. ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కార్డులో పలక ఒక్కటి కాదు. ఒకేసారి 128 బిట్లు వెళ్లే దారి ఉన్న సాధారణ కార్డులో నాలుగు జ్ఞాపకపు చిప్‌లు ఉంటాయి, ఒక్కోదానికి 32 డేటా తీగలు. నలుగురు పిల్లలు నాలుగు పలకలు పట్టుకుని కూర్చున్నారు. మాస్టారు పెద్ద పద్యం చెబుతున్నారు. మొదటి పాదం ఒకరు, రెండోది ఇంకొకరు, ఇలా నలుగురూ వంతులవారీగా రాస్తే వేగంగా పూర్తవుతుంది. కార్డు కూడా బొమ్మను చిన్న చిన్న ముక్కలు చేసి చిప్‌లకు వంతులవారీగా పంచుతుంది. మూడో పిల్లవాడి పలక మీద ఒక గీత పడి ఉంటే పద్యంలో అతని వంతుకు వచ్చిన 3, 7, 11వ పాదాల్లో, ఇలా ప్రతి నాలుగింటికీ ఒకసారి, అదే చోట అదే తప్పు. మిగతా ముగ్గురు రాసిన పాదాలు నిర్దోషంగా ఉంటాయి. తెర మీద ముగ్గు చుక్కలంటే ఇవే. దగ్గరకు వెళ్లి చూస్తే ఒక్కో చుక్క కొన్ని పిక్సెళ్ల చిన్న గడి అని తెలుస్తుంది.

ఇంకొక అందం ఉంది. పిక్సెల్‌కు 32 బిట్లు, చిప్‌కు 32 తీగలు. లెక్క సులువుగా ఉండాలని ఒక్కో బిట్ ఒక్కో తీగ మీద వెళుతుందనుకుంటే, ఒక్క తీగ తెగితే ఆ చిప్‌లోని పిక్సెళ్లన్నిటిలో ఒకే రంగు, ఒకే బిట్ చెడుతుంది. అందుకే ఆకుపచ్చ ఒక్కటే! కొత్త కార్డులు బొమ్మను కుదించి దాచుకుంటాయి కాబట్టి వాటిలో ఒక బిట్ తప్పు గడి మొత్తాన్ని పాడుచేసి రంగురంగుల ముక్కలుగా చూపిస్తుంది. అక్కడ కూడా ముగ్గులాంటి క్రమం మాత్రం కనిపిస్తుంది. క్రమం ఉందంటే జ్ఞాపకాన్నో దాని తీగలనో మొదట అనుమానించాలి.

ప్రింటు ఎందుకు బాగుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఫ్లెక్సీ ఫైలు కంప్యూటర్ ప్రధాన జ్ఞాపకంలోంచి, డిస్కులోంచి యంత్రానికి వెళుతుంది. ఈ పలకల దగ్గరకు రాదు.

ఈ తర్కంతోనే చక్కటి పరీక్ష ఒకటి చేయవచ్చు. చుక్కలు ఉన్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోనుకు పంపి అక్కడ తెరవండి. స్క్రీన్‌షాట్ అంటే పలక మీది రాతకు నకలు. ఫోనులో కూడా చుక్కలు ఉంటే తప్పు పలకలోనో, రాసే చేతిలోనో (కార్డు ప్రాసెసర్‌లో) ఉంది. ఫోనులో శుభ్రంగా ఉంటే పలక దాటాక, అంటే కార్డు చివరి పోర్టులో, కేబుల్‌లో, లేదా మానిటర్‌లో వెతకాలి. చాలామంది తెరను ఫోను కెమెరాతో ఫొటో తీసి స్క్రీన్‌షాట్ అంటారు. ఆ ఫొటోలో మానిటర్ జబ్బు కూడా పడుతుంది కాబట్టి ఈ పరీక్షకు పనికిరాదు. ఇంకొకటి: బొమ్మ ఉన్న విండోను పట్టుకుని పక్కకు లాగండి. చుక్కలు బొమ్మతో పాటు జరిగితే, ఆ బొమ్మను దాచిన చోటే చెడిందన్నమాట. తెరపై అదే స్థానంలో నిలిచిపోతే తెరకు వెళ్లే చివరి పలకనో, మానిటర్‌నో చూడాలి.

‘చిన్న పనికి బాగుంటుంది, పెద్ద ఫ్లెక్సీ తెరిస్తేనే చుక్కలు’ అనేవారు కూడా ఉన్నారు. 4 జీబీ కార్డులో పైన చెప్పిన తెర బొమ్మలు సుమారు 500 పడతాయి. చెడిన చోటు ఎక్కడో 400వ బొమ్మ దగ్గర ఉంటే, పని అంత దూరం నిండేదాకా అది బయటపడదు.

ఫార్మాట్ విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. ఏ జబ్బు వచ్చినా ముందు ఫార్మాట్ చేయించడం మన దగ్గర దిష్టి తీయడంతో సమానమైపోయింది. అది డిస్కు మీద జరిగే పని, తెగిన తీగను అతికించదు. ఆ పాఠకుడు రెండు రోజుల పని, కొన్ని పాత డిజైన్లు దీనికి పోగొట్టుకున్నారు, నాకు బాధగా ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే బయాస్ (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల) తెరలోకి వెళ్లి చూడండి. విండోస్ ఇంకా నిద్ర లేవని ఆ సమయంలో కూడా చుక్కలు ఉంటే విండోస్, డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) నిర్దోషులు.

తీగ ఎందుకు తెగుతుంది? వేడివల్ల. సిలికాన్ డిగ్రీకి పది లక్షల్లో సుమారు 3 పాళ్లు వ్యాకోచిస్తుంది. దాన్ని మోసే పొర 15 పాళ్ల దాకా. 15 మిల్లీమీటర్ల చిప్ 60 డిగ్రీలు వేడెక్కితే సిలికాన్ 3 మైక్రాన్లలోపే పెరుగుతుంది, కింది పొర 13.5 దాకా పెరుగుతుంది. రెంటినీ పట్టి ఉంచిన టంకం బొట్లు ఆ తేడాను భరించాలి. రోజుకు పదిసార్లు వేడెక్కి చల్లారితే ఏళ్లు గడిచేసరికి మూల బొట్లలో చీలిక వస్తుంది. వేడికి చీలిక అంచులు కలిసేవి కొన్ని, విడిపోయేవి కొన్ని. అందుకే ఒక కార్డు ఉదయం పూట మొండికేస్తుంది, ఇంకొకటి మధ్యాహ్నం. ఒంగోలు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటిన గదిలో ఫ్యాన్ ఎంత తిరిగినా 40 డిగ్రీల గాలినే విసురుతుంది. చీమకుర్తి వైపు దుకాణాల్లో గ్రానైట్ పొడి హీట్‌సింక్ (కార్డు వేడిని బయటికి పంపే లోహపు భాగం) రెక్కల మధ్య దట్టంగా పేరుకుంటుంది.

కార్డును ఓవెన్‌లో పెట్టి కాలిస్తే బాగవుతుందన్న ప్రచారం కూడా ఇక్కడే పుట్టింది. పాత సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరిగేది. 2006 జులై 1 నుంచి సీసం వాడకాన్ని పరిమితం చేసే ఐరోపా నిబంధన అమలయ్యాక పరిశ్రమ ఎక్కువగా సీసం లేని టంకానికి మారింది, అది కరగాలంటే 217 దాటాలి. అంతకన్నా తక్కువ వేడికి టంకం కరగదు, చీలిక అంచులు కొన్నాళ్లు తాకుతాయంతే. ప్లాస్టిక్ భాగాలు, కెపాసిటర్లు దెబ్బతింటాయి. అన్నం వండుకునే ఇంట్లో ఆ పొగ పీల్చవద్దు, దయచేసి.

పని పెరగగానే చుక్కలేవీ లేకుండా కంప్యూటర్ ఆగిపోతుంటే మాత్రం ముందు పవర్ సప్లయ్‌ను చూడండి. స్లాటు నుంచి కార్డుకు అందేది 75 వాట్లే, పెద్ద కార్డుకు మిగిలింది విడి తీగల ద్వారా రావాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కార్డు అంచున బంగారు పూత గీతల మీద మురికి పట్టడం మామూలే. కరెంటు తీసేసి, కార్డు ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ బిగిస్తే కొన్ని ‘చచ్చిన’ కార్డులు లేచి కూర్చుంటాయి.

ఒంగోలు పాఠకుడికి ఇవన్నీ చెప్పాను. స్క్రీన్‌షాట్‌లో చుక్కలు వచ్చాయి, బయాస్‌లోనూ వచ్చాయి. మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ వేయమని ఎవరో చెప్పారట, అది చూసేది ప్రధాన జ్ఞాపకాన్ని, కార్డును కాదు. బదులుగా మెమ్‌టెస్ట్ వల్కన్ వేయించాను. అది పలక మీద తెలిసిన రాతలు రాసి, తిరిగి చదివి పోల్చి చూస్తుంది. తప్పులు వేలల్లో వచ్చాయి, అన్నీ ఒకే బిట్ దగ్గర. ఆ ఫలితం ఫొటో తీసుకుని చిప్ లెవెల్ సర్వీసు చేసేవారి దగ్గరకు వెళ్లమన్నాను. అక్కడ ఆ ఒక్క చిప్‌ను విప్పి టంకం బొట్లు కొత్తవి వేస్తారు, చిప్పే పోయి ఉంటే మారుస్తారు. ఆయన ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంది కాబట్టి కార్డు తీసేసి, మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు తగిలించారు. ఓణీల ఫ్లెక్సీ ఆ రాత్రే పూర్తయింది. కార్డు ఇంకా సర్వీసులోనే ఉంది.