సక్యులెంట్ ఆకు రాలితే ముందు చూడవలసింది వేరు

బాల్కనీలో పెట్టిన ఎచెవేరియానో జేడ్ మొక్కో ఆకులు రాల్చడం మొదలుపెట్టగానే మనలో చాలామంది చేసే మొదటి పని నీళ్లు పోయడం. మల్లె, మందార, తులసి పెంచిన చేతులకు అది సహజమే. ఆ మొక్కలు వాడితే దాహమని అర్థం. కండగల ఆకుల్లో నీరు దాచుకునే సక్యులెంట్ల విషయంలో ఆ చెంబెడు నీళ్లే తరచుగా ప్రాణం తీస్తాయి. అందుకే చెంబు అందుకునే ముందు రాలిన ఆకును చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడమంటాను.

ఆకు పసుపు తిరిగి, అవతలి వెలుతురు కనిపించేంత పలుచని రంగులోకి మారి, నొక్కితే నీరు కారుతుంటే నీరు ఎక్కువైందని తెలుసుకోవాలి. ఇలాంటి ఆకు కుండీ కదిలినా రాలిపోతుంది. ఆకు పలచబడి ముడతలు పడితే, మట్టి కూడా పొడిగా ఉంటే, నీరు తక్కువైంది. అడుగున ఒకటి రెండు పాత ఆకులు మాత్రమే ఎండి, పైన లేత ఆకులు బిగువుగా ఉంటే కంగారు అవసరం లేదు. వయసైన ఆకులోని నీటినీ పోషకాలనూ మొక్క వెనక్కి తీసుకుని కొత్త చిగుళ్లకు పెడుతోంది. అసలు మోసం చేసేది మరొకటి ఉంది: మట్టి తడిగానే ఉంటుంది, ఆకులు మాత్రం ముడతలు పడతాయి. వేర్లు కుళ్లి, చుట్టూ నీరున్నా పీల్చుకోలేని స్థితి అది. దాన్ని దాహం అనుకుని మళ్లీ నీళ్లు పోస్తే మొక్క మనకు దక్కదు.

గాలికి తెగిపడినట్టు కనిపించినా ఆకును వదిలేది మొక్కే. ఆకు కాండాన్ని కలిసే చోట చిన్న చిన్న కణాల పొర ఒకటి ఉంటుంది. ఆకు ఆరోగ్యంగా ఉన్నంతకాలం అందులో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను ఆ పొర గుండా కాండంలోకి సాగుతూ ఉంటుంది, పొర చెక్కుచెదరదు. ఆకు దెబ్బతిన్నా, ముదిరినా, చీకటిలో పడినా ఆక్సిన్ తగ్గుతుంది. అప్పుడు ఇథిలీన్ వాయువుది పైచేయి అవుతుంది. మామిడికాయలను పండించేదీ ఈ ఇథిలీనే. దాని ప్రభావంతో తయారయ్యే ఎంజైములు, కణాలను ఒకదానితో ఒకటి అంటించి ఉంచే పెక్టిన్‌ను కరిగిస్తాయి. నీట మునిగిన వేర్లు ఇథిలీన్‌కు కావలసిన ముడిసరుకును తయారుచేసి పైకి పంపుతాయని టమాటా మొక్కల్లో శాస్త్రవేత్తలు స్పష్టంగా చూశారు. వేరులో కష్టం మొదలైతే ఆ కబురు ఆకు తొడిమ దాకా చేరుతుందన్నమాట.

కొన్ని జాతుల్లో ఆకు అతుకే బలహీనం. వేలాడే బుట్టల్లో అమ్మే బర్రోస్ టెయిల్, అంటే సీడమ్ మోర్గానియానమ్, మెక్సికోలోని వేరాక్రూజ్ ప్రాంతపు మొక్క. చీర కొంగు తగిలినా దాని ఆకులు జలజల రాలుతాయి. ఆ రాలిన ఆకు నుంచి కొత్త మొక్క పుడుతుంది కాబట్టి మొక్కకు దీనివల్ల నష్టం లేదు. నడిచే దారిలో దాన్ని వేలాడదీయకుండా ఉంటే చాలు.

ఇక వేరు సంగతి. వేరు కూడా శ్వాసిస్తుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోని గాలి నుంచే దానికి ఆక్సిజన్ అందాలి. ఆ ఖాళీలు నీటితో నిండితే ఆక్సిజన్ కదలిక గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు నెమ్మదిస్తుంది. ఊపిరాడని వేరు మీద పిథియమ్, ఫైటోఫ్తోరా వంటి కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు దాడి చేస్తాయి. ఆకులో నీరు నిల్వ ఉంటుంది కనుక ఈ మొక్క బాధ త్వరగా బయటపడదు. మనకు తెలిసేసరికి కింద చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

నర్సరీవాళ్లు మొక్కను ఎక్కువగా కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొడిలో పెట్టి ఇస్తారు. అది మోయడానికి తేలిక, గాలి ఆడే షేడ్‌నెట్ కింద వాళ్లకు సరిపోతుంది. మన ఇంటి మూలలో, ముఖ్యంగా శ్రావణ భాద్రపదాల్లో, అదే కోకోపీట్ రోజుల తరబడి ఆరదు. ఇంటికి తెచ్చాక మట్టి మార్చడం మేలు. దుమ్ము జల్లించి తీసేసిన గరుకు ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, దొరికితే పెర్లైట్ అనే తేలికైన తెల్లని గుళికలు కలిపి సగానికి పైగా వేసి, మిగతా భాగం ఎర్రమట్టితో, కొద్దిపాటి వర్మీకంపోస్టుతో నింపితే సరిపోతుంది. కుమ్మరి చేసిన మట్టికుండీ గోడల గుండా కూడా తడి ఆరుతుంది. కానుకలుగా ఇచ్చే అందమైన పింగాణీ కప్పులకు అడుగున రంధ్రమే ఉండదు. అవి ఈ మొక్కలకు చేసినంత కీడు ఏ పురుగూ చేయదని నా అభిప్రాయం.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. జరిగేది వేరు. సన్నని మట్టి పూర్తిగా నీటితో నిండితే తప్ప ఆ నీరు కింది పెద్ద రాళ్ల మధ్య ఖాళీల్లోకి దిగదు. కుండీ అడుగున ఉండవలసిన తడి పొర రాళ్లెత్తున పైకి జరిగి వేర్లకు మరింత దగ్గరవుతుంది. రాళ్లు వేయదలిస్తే మట్టిలో కలపండి.

ఈ మొక్కల జీవితంలో ముఖ్యమైన పని రాత్రిపూట జరుగుతుంది. దాన్ని గమనించిన తొలితరం వారిలో ఒకరికి మన సామర్లకోటతో సంబంధం ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ సామర్లకోటలో నడిపిన తోటను విలియం రాక్స్‌బర్గ్ తర్వాత చూసుకున్న వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైనె రణపాల ఆకును కొరికి రుచి చూశారు. తెల్లవారుజామున చుక్కకూరలా పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉందని ఆయన రాసిన లేఖను 1815లో లండన్ లిన్నియన్ సొసైటీ అచ్చువేసింది. మీ పెరట్లో రణపాల ఉంటే ఆకు కొరకనక్కరలేదు, హైనె చెప్పింది నమ్మవచ్చు.

ఆ పులుపు మాలిక్ ఆమ్లానిది. పగటి ఎండలో నీరు పోకుండా ఈ మొక్కలు పత్రరంధ్రాలను మూసుకుంటాయి. రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుని మాలిక్ ఆమ్లంగా దాచి, మర్నాడు వెలుతురులో దానితో ఆహారం తయారుచేసుకుంటాయి. జేడ్, ఎచెవేరియా, సీడమ్, రణపాల అన్నీ చేరే క్రాసులేసీ కుటుంబం పేరు మీదే ఈ పద్ధతికి క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం, పొట్టిగా క్యామ్ అనే పేరు వచ్చింది.

ఈ పద్ధతి చల్లని రాత్రుల్లో చక్కగా సాగుతుంది. మెక్సికో ఎత్తయిన ప్రాంతాల ఎచెవేరియాకు పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడటం అలవాటు. మే నెల విజయవాడలో అర్ధరాత్రి కూడా 30 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. అలాంటి రాత్రి మొక్క దాచుకునేది తగ్గుతుంది, శ్వాసలో ఖర్చయ్యేది పెరుగుతుంది. ఎదుగుదల ఆగిన మొక్క నీటిని కూడా అంతగా వాడుకోదు. కుండీలో మిగిలిన వెచ్చని తడి కుళ్లుకు అనువుగా మారుతుంది. ఎండలు ముదిరాయని నీళ్లు పెంచిన ఇళ్లలోనే వేసవిలో ఆకులు ఎక్కువగా రాలడానికి కారణం ఇదే. ఆ నెలల్లో మధ్యాహ్నపు ఎండ తగలని, గాలి ఆడే చోటుకు మార్చండి. మట్టి పూర్తిగా ఆరాకే, పొద్దు వాలాక, కొద్దిగా నీరివ్వండి. కోస్తాలో కొత్తగా మొదలుపెట్టేవారు ఎచెవేరియా కన్నా కలబంద, రణపాల, అడీనియం ఎంచుకోవడం మంచిది. బెంగళూరులో ఉంటున్న తెలుగువారికి ఆ ఇబ్బంది తక్కువ.

వెలుతురు చాలకపోతే కాండం సాగి కింది ఆకులు రాలతాయి. కిటికీకి దగ్గరగా జరపాలి, అయితే ఒక్కసారిగా ఎండలో పెట్టకూడదు. ఆకు మొదట్లో తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే అది పిండినల్లి పురుగు. మొక్కను పక్కకు తీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. వేర్లలో కూడా పిండినల్లి చేరుతుంది కాబట్టి కుండీ మార్చేటప్పుడు చూడండి.

ఎడారి గులాబీగా అందరికీ తెలిసిన అడీనియం మాత్రం మార్గశిర పుష్యాల చలికి ఆకులన్నీ రాల్చి మోడుగా నిలబడవచ్చు. మన చేలగట్ల మీది ఆకుజెముడు కూడా నీరు లేని కాలంలో ఆకులు వదిలేస్తుంది. అడీనియం బోదె నొక్కి చూడండి. గట్టిగా ఉంటే నీళ్లు బాగా తగ్గించి వసంతం దాకా వదిలేయండి. మెత్తబడితే లోపల కుళ్లు ఉంది. దాన్ని కోయవలసి వస్తే కారే రసం కంటికీ నోటికీ తగలనివ్వకండి, అది విషం.

కుళ్లు అనుమానం వచ్చిన ఏ మొక్కనైనా కుండీ నుంచి తీసి మట్టి దులపండి. మంచి వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లినది నల్లబడి, పట్టుకుంటే పైపొర చేతికి ఊడివస్తుంది. దాన్ని శుభ్రమైన కత్తితో తీసేయాలి. కాండం మధ్యలో గోధుమరంగు కనిపిస్తే ఆ రంగు పోయేదాకా పైకి కోస్తూ వెళ్లాలి, సందేహించకూడదు. కోసిన మొక్కను నీడలో కొన్ని రోజులు ఆరనిచ్చి, గాయం మీద పొర కట్టాక పొడి మట్టిలో నాటండి. వారం దాకా నీళ్లు వద్దు. పాత మట్టిని మరో సక్యులెంట్‌కు వాడకండి. ఆ తర్వాత తారీఖులు చూసి నీళ్లు పోసే అలవాటు మానేసి, చీపురుపుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. తడి అంటకుండా వస్తేనే, అడుగు రంధ్రం నుంచి కారేంతగా పోయండి.

రాలిన ఆకుల్లో మొదలు చెడకుండా, బిగువుగా ఉన్నవాటిని పొడి మట్టి మీద నీడలో పరవండి. ఎచెవేరియా, సీడమ్, జేడ్ ఆకులు కొన్ని వారాల్లో వేరు తొడుగుతాయి. వేర్లు కనిపించాక అప్పుడప్పుడు తడి చల్లండి. తల్లి ఆకు పూర్తిగా ఎండి దానంతటదే విడిపోయేదాకా పీకకండి, పిల్లమొక్క ఇంకా దాని నీటి మీదే బతుకుతూ ఉంటుంది.