పట్టేసిన నట్టు

పాత కారు బంపర్ ఊడదీయడమంటే నాలుగు నట్లు విప్పడమే కదా అనిపిస్తుంది. నిజానికి అంతే. చాలా పాత మోడళ్లలో చాసిస్ నుంచి రెండో నాలుగో ఇనప పట్టీలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి, బంపర్ వాటికి బోల్టులతో బిగించి ఉంటుంది. కారు కొత్తగా ఉన్నప్పుడు ఇది పావుగంట పని. అదే కారు యాభై అరవై ఏళ్లు వానకు తడిసి ఎండకు ఎండాక ఆ పావుగంట పని రోజంతా పడుతుంది. ఈ తేడాకు కారణం నట్టుకీ బోల్టుకీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో ఉంది.

ఇనుముకు నీరూ ఆక్సిజనూ తగిలితే తుప్పు పుడుతుందని అందరికీ తెలుసు. అంతగా ఎవరూ పట్టించుకోనిది దాని పరిమాణం. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. బయటి తలం మీద పుడితే పొరలుపొరలుగా లేచి రాలిపోతుంది. నట్టుబోల్టుల మరల (మెలికల గాడుల) మధ్య పుడితే రాలడానికి దారేదీ? ఉన్న చోటే ఉబ్బుతుంది, నట్టునీ బోల్టునీ రెండువైపులా ఒత్తి పట్టుకుంటుంది. మెకానిక్కులు ‘నట్టు పట్టేసింది’ అంటారు. ఇంతకంటే ఖచ్చితమైన శాస్త్రీయ వర్ణన నాకు తోచలేదు.

పట్టేసిన నట్టు మీద బలం చూపిస్తే గెలిచేది నట్టే. పానాకు పైపు తొడిగి లాగితే బోల్టు కసుక్కున తెగుతుంది, లేదా నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ఈ రెండో ప్రమాదానికి కారణం చాలాసార్లు తుప్పు కూడా కాదు, తప్పు సైజు పానా. పాత బ్రిటిష్, అమెరికన్ కార్ల నట్లు అంగుళాల లెక్కలో ఉంటాయి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 మిల్లీమీటర్ల పానా ‘సరిపోతుంది’. కానీ మిగిలిన ఆ 0.3 మిల్లీమీటర్ల వదులు వల్ల బలం నట్టు చదును ముఖాల మీద కాక మూలల మీద పడుతుంది. విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతల మరలున్న కార్లయితే ఇంకో తిరకాసు: ఆ పానాల మీద రాసి ఉండేది నట్టు వెడల్పు కాదు, బోల్టు కాడ వ్యాసం. కొలిచి చూడకుండా ముద్ర చదివి పానా తీస్తే అది ఆ నట్టుకు పట్టదు.

పని మొదలుపెట్టాల్సింది పానాతో కాదు, వైరు బ్రష్‌తో. నట్టు దాటి బయటకు కనిపించే బోల్టు కొసను దగ్గరగా చూడండి. అది ఒక సెంటీమీటరు ఉంటుందేమో. మరలు కనబడకుండా గోధుమరంగు పెచ్చు కట్టి ఉంటుంది. నట్టు ఊడి రావాలంటే ఆ పెచ్చు మీదుగానే రావాలి. దాన్ని గీకేసి, మరలు కనిపించాక నూనె వేయాలి. పెనెట్రేటింగ్ ఆయిల్ పలుచన, దాని తలతన్యత తక్కువ. అందుకే దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు అది సన్నని సందుల్లోకి తనంతట తనే పాకుతుంది. కానీ ఆ పాకడం నిదానం. సాయంత్రం వేసి, రాత్రి ఇంకోసారి వేసి, పొద్దున్నే పానా పట్టడం నా పద్ధతి. మధ్యలో నట్టు పక్కల మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేయాలి. తుప్పు పెళుసు పదార్థం. దెబ్బకు చీలుతుంది, ఆ చీలికల్లోకి నూనె దిగుతుంది.

తర్వాత మొదటి కదలిక బిగించే వైపు ఉండాలి. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. ఉద్దేశం బిగించడం కాదు, తుప్పు పట్టు విరగ్గొట్టడం. ఒక్క ఇసుమంత కదిలితే చాలు. ఆపైన పావు చుట్టు విప్పి, కాస్త వెనక్కి తిప్పి, మళ్లీ విప్పాలి. ఒకే ఊపులో విప్పితే రాలిన తుప్పు పొడి మరల్లో ఇరుక్కుని నట్టు మళ్లీ బిగుసుకుంటుంది.

అప్పటికీ కదలకపోతే వేడి. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 12 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. పది మిల్లీమీటర్ల రంధ్రమున్న నట్టును 200 డిగ్రీలు వేడెక్కిస్తే రంధ్రం వ్యాసం పెరిగేది 0.024 మిల్లీమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, పెళుసు తుప్పు పగలడానికి అది సరిపోతుంది. వేడి చేయాల్సింది నట్టును. బోల్టు కూడా సమానంగా వేడెక్కితే రెండూ కలిసి పెరుగుతాయి, లాభం లేదు.

మంట వాడేవాళ్లకు రెండు జాగ్రత్తలు. పాత కార్ల బోల్టులకు కాడ్మియం పూత ఉండటం మామూలే. కాలితే వచ్చే పొగ విషం. రెండోది 1970ల అమెరికన్ కార్ల సంగతి. 1973 మోడళ్ల నుంచి ముందు బంపర్ గంటకు 5 మైళ్ల వేగంతో గోడకు తగిలినా దీపాల వంటివి దెబ్బతినకూడదని అక్కడ నిబంధన వచ్చింది. దాంతో చాలా కంపెనీలు బంపర్ వెనక వాయువు, ద్రవం నింపిన సిలిండర్లు పెట్టాయి. వాటిని వేడి చేయకూడదు, డ్రిల్ చేయకూడదు. లోపల పీడనం ఉంటుంది, పేలితే బంపరే తుపాకీ గుండవుతుంది.

ఇక గోపురంలాంటి గుండ్రటి తల ఉన్న బోల్టులు. ముందు నుంచి అందంగా కనబడతాయి, పానా పట్టడానికి చోటుండదు. తల కింద చిన్న చదరపు మెడ ఉంటుంది. బంపర్‌లోని చదరపు రంధ్రంలో అది కూర్చుని, బోల్టు తిరగకుండా ఆపాలి. తుప్పు ఆ రంధ్రం మూలల్ని తినేస్తే నట్టుతోపాటు బోల్టూ గిర్రున తిరుగుతుంది. 1960ల నాటి ఒక కారు మీద ఇలాంటి బోల్టుతో నలభై నిమిషాలు కుస్తీపట్టాను. చివరికి హ్యాక్‌సా బ్లేడుకు గుడ్డ చుట్టి పట్టుకుని, నట్టునే నిలువునా కోసేశాను. అది మొదటి పది నిమిషాల్లోనే చేయాల్సిన పని. అరవై ఏళ్ల నట్టును కాపాడి ఏం చేసుకుంటాం?

ఆఖరి నట్టు విప్పేముందు కింద దిమ్మెలు పెట్టుకోవాలి, నంబరు ప్లేటు దీపం తీగలు ఊడదీశామో లేదో చూసుకోవాలి. ఇప్పుడు బంపర్ నేల మీద ఉంది. తిరగేయండి.

ముందువైపు అద్దం. వెనకవైపు గోధుమరంగు పొలుసులు. ఒకే ఉక్కు, ఒకే పూత, ఇంత తేడా ఎలా వచ్చింది? క్రోమ్ బంపర్ అంటాం గానీ దాని మీద క్రోమియం చాలా తక్కువ, దాదాపు అర మైక్రాన్. వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. దాని కింద ఉన్న నికెల్ పొర పదుల మైక్రాన్లు. చాలా బంపర్లకు దానికీ కింద రాగి ఉంటుంది. ఉక్కును కాపాడే అసలు పని నికెల్‌ది. క్రోమియం ఇచ్చేది గట్టిదనం, ఆ నీలిఛాయ మెరుపు. 1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వోక్లాన్ క్రోమియాన్ని కనుగొన్నా, కార్ల మీదికి అది 1920ల మధ్యలో గానీ రాలేదు. అంతకు ముందు కార్లకు నికెల్ పూతే. కాస్త పసుపుఛాయతో ఉండేది, తరచూ తుడవకపోతే మసకబారేది.

పూత వేసేది విద్యుత్తు. బంపర్‌ను ముంచే ద్రావణపు తొట్టిలో ఎదురుగా ఉన్న ముఖాలకూ అంచులకూ కరెంటు ఎక్కువ చేరుతుంది, లోహమూ అక్కడే ఎక్కువ పేరుకుంటుంది. వంపు లోపలి భాగానికి చేరేది కొంచెమే. క్రోమియం తొట్టి ఈ విషయంలో మరీ పేద, వెనక్కి దాదాపు వెళ్లదు. అలా పలచబడిన వెనకవైపుకే చక్రాలు బురద చిమ్ముతాయి. ఆ బురద పట్టీ దగ్గర చేరి నెలల తరబడి తడిగా ఉంటుంది.

అసలు దెబ్బ ఇంకోటి. జింకు పూత మీద గీత పడితే జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. నికెల్ అలా చేయదు, అది ఇనుముకంటే తక్కువ చురుకైన లోహం, ముందు కరిగేది ఇనుమే. సూదిమొన రంధ్రంలో ఉక్కు బయటపడితే, చుట్టూ ఉన్న విశాలమైన నికెల్ క్రోమ్ తలమంతా ఆ చిన్న చుక్కను తినడానికి సహకరిస్తుంది. క్రోమ్ మీద కనిపించే గోధుమ చుక్కలు అందుకే అంత లోతుగా దిగుతాయి. పైపై మరకలను తడిపిన అల్యూమినియం రేకుతో రుద్దవచ్చు. రేకు క్రోమియం కంటే చాలా మెత్తన కాబట్టి గీతలు పడే భయం తక్కువ. కానీ రంధ్రం రంధ్రంగానే ఉంటుంది. వెనకవైపును గీకి, తుప్పు ఆపే ప్రైమరూ రంగూ వేయడమే చేయగలిగింది.

తిరిగి బిగించేటప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. ఎడమ చివర నట్టును గట్టిగా బిగించేసి కుడివైపు వెళ్తే, అక్కడ రంధ్రాలు ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. బంపర్ ఒక పెద్ద స్ప్రింగు. ఏళ్ల తరబడి వంచి పట్టి ఉంచినది, విప్పగానే తన ఆకారానికి పోతుంది. పట్టీల్లో కోలగా ఉండే రంధ్రాలు ఈ సర్దుబాటు కోసమే. అన్ని బోల్టులూ వేలితో తిరిగేంత వదులుగా ఎక్కించి, బాడీకీ బంపర్‌కీ మధ్య రెండువైపులా ఒకే మందం అట్టముక్కలు దూర్చి, ఖాళీ సమానమయ్యాకే విడతలవారీగా బిగించాలి.

మరలకు ఈసారి యాంటీసీజ్ (మళ్లీ పట్టేయకుండా పూసే జారుడు ముద్ద) పూసుకోవాలి, అయితే అదే ఊపుతో బిగించకూడదు. పొడి బోల్టు మీద మనం పెట్టే మెలి బలంలో దాదాపు తొంభై శాతం రాపిడికే పోతుంది, సుమారు సగం నట్టు ముఖం కింద, మిగిలింది మరల్లో. బోల్టును సాగదీసి పట్టు ఇచ్చేది పదో వంతే. జారుడు పూస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు మరింత సాగుతుంది, తెగనూ వచ్చు.

కొత్త రంగు మీద బిగించిన నట్టు మొదటి ప్రయాణాల్లో కొంచెం సడలుతుంది. ఒత్తిడికి వాషర్ కింద రంగు పొర కుదురుకుని పలచబడుతుంది. కొన్ని పదుల కిలోమీటర్లు తిప్పాక మళ్లీ పానా వేసి చూశాను. ఎడమ చివరది పావు చుట్టు తిరిగింది. మిగతా మూడూ కదల్లేదు.