బిరుదులకు కొదవ లేదు, కచేరీలకే కరువు: సిసిల్ టేలర్ నడిచిన దారి

2014 ఆగస్టులో న్యూయార్క్ నేర వార్తల్లో ఒక జాజ్ పియానో వాద్యకారుడి పేరు వచ్చింది. నిందితుడిగా కాదు, మోసపోయినవాడిగా. అంతకు ముందు ఏడాది జపాన్‌లోని ఇనమోరి ఫౌండేషన్ ఆయనకు క్యోటో బహుమతి ఇచ్చింది. ఐదు కోట్ల యెన్లు. బ్రూక్లిన్‌లో ఆయన పక్కింటికి మరమ్మతులు చేస్తూ పరిచయమైన కాంట్రాక్టరు ఒకడు సాయంగా క్యోటో దాకా వెళ్లాడు. డబ్బు ఏ ఖాతాలో వేయాలో నిర్వాహకులకు చెప్పిందీ అతనే, ఆ ఖాతా కూడా అతనిదే. అలా 4,92,000 డాలర్లకు పైగా దారి మళ్లాయి. తర్వాత అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, శిక్ష పడింది. మోసపోయిన సిసిల్ టేలర్‌కు అప్పటికి 85 ఏళ్లు.

మోసం ఆ ఒక్కడిదే. కానీ పేరు ఒకచోటికి, డబ్బు మరోచోటికి పోవడం టేలర్‌కు అదే మొదలు కాదు. అరవై ఏళ్లుగా జరుగుతున్నదే.

1929లో న్యూయార్క్‌లో పుట్టి, క్వీన్స్‌లోని కరోనా అనే పేటలో పెరిగారు. (వైరస్‌కు ఆ పేరు రాక చాలాముందే పేటకు ఉంది.) తల్లి పట్టుబట్టి చిన్నప్పుడే పియానో ముందు కూర్చోబెట్టారు. 1950ల మొదట్లో బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో చదివారు. ఆధునిక పాశ్చాత్య స్వరకర్తలు బార్తోక్, స్ట్రావిన్‌స్కీ అక్కడ చెవిన పడ్డారు. అయినా ఆయన తన గురువుల పేర్లు చెప్పాల్సి వస్తే ముందు వరసలో ఉండేది జాజ్ పియానో దిగ్గజాలు డ్యూక్ ఎల్లింగ్టన్, థెలోనియస్ మంక్.

1956లో మొదటి రికార్డు ‘జాజ్ అడ్వాన్స్’ చేశారు. అదే ఏడాది న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే చిన్న బారులో ఆయన బృందానికి వరసగా వాయించే అవకాశం వచ్చింది. మరుసటి ఏడాది న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం. దారి తెరుచుకున్నట్టే కనిపించింది.

అసలు తంటా సంగీతంలోనే ఉంది. జాజ్‌లో అప్పటిదాకా ఎంత స్వేచ్ఛ తీసుకున్నా కింద ఒక పాట ఉండేది, దానికి లెక్క ఉండేది. డ్రమ్మర్ కాలప్రమాణం నిలబెడితే మిగతావాళ్లు దాని మీద కల్పన చేసేవారు. టేలర్ మెల్లమెల్లగా ఆ నేలనే లాగేశారు. తనియావర్తనంలో మృదంగ విద్వాంసుడు ఎంత దూరం పోయినా సభలో తాళం వేసే చేతులు ఆగవు కదా, ఇక్కడ ఆ చేతులకు పట్టు దొరకదు. 1962 నవంబరులో కోపెన్‌హాగెన్‌లోని మాంట్‌మార్ట్‌ర్ కఫేలో రికార్డయిన కచేరీలో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. డ్రమ్స్ మీద సన్నీ మర్రే లెక్క కొట్టరు, అలలా లేచి పడుతుంటారు. ఆల్టో శాక్సఫోన్ మీద జిమ్మీ లయన్స్. అంతకు కొంత ముందే కలిసిన ఆయన 1986లో చనిపోయేదాకా టేలర్‌ను విడిచిపెట్టలేదు.

కొత్తగా వినేవాళ్లకు మొదట గోలలాగే అనిపిస్తుంది, దాచడమెందుకు. వేళ్లతో పాటు అరచేతులు, మోచేతులు కూడా మీటల మీద పడతాయి. పియానోను శ్రుతి చేసిన 88 డోళ్లుగా చేసుకున్నారన్న పోలిక అందుకే ఆయన పేరుకు అతుక్కుపోయింది. ఇంకాసేపు ఓపిక పడితే మాత్రం చిన్న చిన్న స్వరగుచ్ఛాలు వినబడతాయి. ఎడమ చేయి మంద్రంలో ఒక మాట అంటే కుడి చేయి తారస్థాయిలో బదులిస్తుంది, అదే మాట కాస్త మారి మళ్లీ వస్తుంది. నర్తకి గాలిలోకి ఎగిరే ఎగురును పియానో మీద పట్టుకోవాలన్నది తన ప్రయత్నమని ఆయనే చెప్పుకున్నారు. 97 మీటల బోసెన్‌డోర్ఫర్ ఇంపీరియల్ పియానో అంటే ఆయనకు ప్రాణం. ఎగరడానికి అక్కడ ఇంకొంచెం చోటుంది మరి.

బృందానికి నేర్పే పద్ధతీ వేరే. ఐదు గీతల మీద స్వరలిపి రాసివ్వరు. పియానో మీద ఒక ముక్క వాయిస్తారు, తోటివాళ్లు విని పట్టుకోవాలి. కాగితం ఉన్నా దాని మీద స్వరాల అక్షరాలు, పైకీ కిందికీ గుర్తులు మాత్రమే. పక్కన కూర్చుని సాధన చేసినవాళ్లకు తప్ప అది ఎవరికీ కొరుకుడు పడదు.

ఇక బారు యజమాని లెక్క తెలిసిందే. పాట ఆగితేనే గ్లాసులు నిండుతాయి. గంటకు పైగా ఆగకుండా సాగే సంగీతం ఆ వ్యాపారానికి పనికిరాదు. 1960ల మొదట్లో ‘డౌన్‌బీట్’ పత్రిక విమర్శకులు ఆయన్ను కొత్త తారగా ఎంచిన రోజుల్లోనే, గడవడానికి హోటళ్లలో గిన్నెలు కడిగారు. 1964లో ట్రంపెట్ వాద్యకారుడు బిల్ డిక్సన్ తదితరులతో కలిసి జాజ్ కంపోజర్స్ గిల్డ్ పెట్టారు. క్లబ్బులతో, కంపెనీలతో కలిసికట్టుగా బేరమాడాలన్నది ఉద్దేశం. ఎంతోకాలం నిలవలేదు. 1966లో బ్లూ నోట్ కంపెనీ ‘యూనిట్ స్ట్రక్చర్స్’, ‘కాంకిస్టడోర్!’ రికార్డు చేసింది. ఈ రెండూ ఇవాళ పాఠ్యగ్రంథాల్లాంటివి. అమెరికాలో ఆ స్థాయి స్టూడియో రికార్డు మళ్లీ రావడానికి పుష్కరకాలం పట్టింది.

మధ్యలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, ఆంటియాక్ కళాశాలలో పాఠాలు చెప్పారు. విస్కాన్సిన్‌లో తరగతిలో చాలామందిని ఫెయిల్ చేశారని పేరు. రాజీ పడే మనిషి కాదు. 1977 ఏప్రిల్‌లో కార్నెగీ హాల్‌లో పియానో వాద్యకారిణి మేరీ లూ విలియమ్స్‌తో జంట కచేరీ చేశారు. జాజ్ చరిత్రనంతా వేళ్ల మీద పెట్టుకున్న పెద్దావిడ ఆమె, పిలిచిందీ ఆమే. ఆమె జాజ్‌కు మూలమైన బ్లూస్ బాణీ ఎత్తుకుంటే టేలర్ తన వరదలోనే ఉండిపోయారు. ఆ రికార్డు పేరు ‘ఎంబ్రేస్డ్’, అంటే ఆలింగనం. నా చెవికి మాత్రం అందులో ఆలింగనం కంటే పెనుగులాటే ఎక్కువ. తప్పు ఎక్కువగా టేలర్‌దేననిపిస్తుంది. మరుసటి ఏడాది శ్వేతసౌధం పచ్చికలో ఆయన వాయించడం ముగియగానే అధ్యక్షుడు కార్టర్ లేచి వెళ్లి చేతులు పట్టుకుని అభినందించారు.

నిలకడైన ఆదరణ యూరప్‌లో దొరికింది. 1988లో పశ్చిమ బెర్లిన్‌లో ఎఫ్‌ఎంపీ అనే రికార్డు సంస్థ ఆయన్ను సుమారు నెలరోజులు ఉంచుకుని యూరప్ వాద్యకారులతో కలిపి వాయింపజేసింది. అదంతా 11 సీడీల పెట్టెగా వచ్చింది. నగరమే సాంస్కృతిక రాజధానిగా సంబరం చేసుకుంటున్న ఏడాది కాబట్టి అక్కడ గ్లాసుల లెక్క ఎవరూ చూడలేదు. 1991లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది.

సొంత దేశంలో మాత్రం గొడవ తీరలేదు. సంగీతకారుడు సిద్ధమై వచ్చినట్టే శ్రోత కూడా సిద్ధపడి రావాలని టేలర్ వాదన. 2001లో కెన్ బర్న్స్ తీసిన జాజ్ డాక్యుమెంటరీలో శాక్సఫోన్ వాద్యకారుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ దాన్ని బూతుమాటతో కొట్టిపారేశారు. బేస్‌బాల్ ఇష్టమే, అలాగని చూడబోయే ముందు నేను బంతులు పట్టడం సాధన చేయను కదా అన్నది ఆయన తర్కం. వినడానికి బాగుంటుంది. కానీ ఆట నియమాలు తెలియకుండా ఏ ఆటైనా ఎంతసేపు చూడగలం?

2016 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఒక అంతస్తంతా ఆయనకు ఇచ్చింది. తోడుగా డ్రమ్మర్ టోనీ ఆక్స్‌లీ, నాట్యానికి మిన్ తనకా, పియానో దగ్గర టేలర్. రెండేళ్ల తర్వాత, 2018 ఏప్రిల్ 5న, బ్రూక్లిన్‌లో కన్నుమూశారు. విట్నీ ప్రదర్శనలో ఫొటోలు, కవితలతో పాటు ఆయన స్వరపత్రాలు కూడా పెట్టారు. లయన్స్ లాంటివాళ్లు పక్కన కూర్చుని చదువుకున్న రాత అది.