ఓట్లతో గవర్నరైన పళ్ళ డాక్టరు

విజయనగరం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

2025లో మన అశోక్ గజపతిరాజు గారు గోవా గవర్నరు అయినప్పుడు, "ఏ ఎన్నికలో గెలిచారు తాతయ్యా?" అని ఫోన్‌లో అడిగారు కదా. మన దేశంలో గవర్నరుకి ఎన్నిక ఉండదు, రాష్ట్రపతి నియమిస్తారు. పాలన నడిపేది ముఖ్యమంత్రి. అమెరికాలో గవర్నరే మన ముఖ్యమంత్రి లాంటివాడు, జనం ఓట్లతో గెలవాలి. అలా గెలిచినవాళ్ళలో నాకు బాగా నచ్చినాయన జేమ్స్ ఎడ్వర్డ్స్ అనే పళ్ళ డాక్టరు.

1927లో ఫ్లోరిడాలో పుట్టారు. దంతవైద్యం చదివి, నోటి ఆపరేషన్లలో శిక్షణ పొంది, 1960లో సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో ప్రాక్టీసు పెట్టారు. 1971లో అమెరికా పార్లమెంటు సీటుకి పోటీచేసి ఓడిపోయారు. మరుసటేడు రాష్ట్ర సెనేట్‌కి గెలిచారు.

1974లో గవర్నరు పదవికి నిలబడ్డారు. అక్కడ పార్టీ అభ్యర్థిని కూడా ఓటర్లే తేలుస్తారు. సొంత రిపబ్లికన్ పార్టీలో ఆయనకి పోటీ ఎవరనుకున్నారు? వియత్నాం యుద్ధంలో అమెరికా సేనల్ని నడిపిన జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్! ఆయన్నే ఓడించారు. అవతల డెమోక్రాట్లు ఎంచుకున్న రావెనల్‌ని, రాష్ట్రంలో ఐదేళ్ళ నివాసం లేదని కోర్టు పక్కకి తప్పించింది. అది డాక్టరుగారికి కలిసొచ్చిన మాట నిజమే. ఆ రాష్ట్రంలో రిపబ్లికన్ గవర్నరు గెలవడం సుమారు నూరేళ్ళ తర్వాత అదే మొదలు.

ఆయన హయాంలో, 1977లో, బడుల నిధుల చట్టం వచ్చింది. ఏ జిల్లాకి సొంతంగా పన్ను రాబడి తక్కువో, ఆ జిల్లా బడులకి రాష్ట్రం ఎక్కువ వాటా ఇవ్వాలన్నది దాని పద్ధతి. గిరిజన గూడెం బడికీ విశాఖ బడికీ తేడా మీరు కళ్ళారా చూశారు. వెనకబడిన జిల్లాలో పుట్టినవాణ్ణి కాబట్టి, నా లెక్కలో ఆయన చేసిన పనుల్లో ఇదే పెద్దది.

అప్పటి నిబంధన ప్రకారం వెంటనే రెండోసారి పోటీకి వీల్లేదు. 1981లో అమెరికా అధ్యక్షుడు రేగన్ ప్రభుత్వంలో ఇంధన శాఖ మంత్రి అయ్యారు. 1982లో అది వదిలేసి, చార్లెస్టన్‌లోని వైద్య విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా వెళ్ళి, 1999 దాకా అక్కడే ఉన్నారు. ఢిల్లీలో మంత్రిగా ఉన్నవాళ్ళు ఇలా మళ్ళీ కాలేజీకి వచ్చేయడం మీరెక్కడైనా విన్నారా? అక్కడి దంతవైద్య కళాశాలకి ఇప్పుడు ఆయన పేరే ఉంది. 2014లో కన్నుమూశారు.

ఇంకో సంగతి. మన రాజ్యాంగ సభ కూడా 1947లో గవర్నరుని జనమే ఎన్నుకోవాలనుకుంది. ముఖ్యమంత్రికీ ఆయనకీ పొసగదన్న భయంతో 1949లో మార్చుకుంది. ఆ చర్చ ఎలా సాగిందో వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈలోగా ఏది సరైనదో మీ ఇద్దరూ ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య